వెయ్యి బీడీలకు ఎన్ని చేతులు

రోజా నాలుగో అధ్యాయం తెరవక ఏడు నెలలైంది. ఆ అధ్యాయానికి ఆమె ల్యాప్‌టాప్‌లో మూడు ఫైళ్లున్నాయి. ఒకదానికి ‘ఫైనల్’ అని పేరు పెట్టింది. తర్వాత ‘కొత్త ఫైనల్’ వచ్చింది. ఆ తర్వాత ‘ఇదే ఫైనల్’. మూడింట్లోనూ ఉన్నవి అవే పదకొండు పేజీలు.

కామారెడ్డి అవతలి పల్లె ఆమెది. ఎకనామిక్స్‌లో పిహెచ్‌డీకి చేరి ఆరేళ్లు దాటింది. ఇప్పుడు ముప్పై ఒకటో ఏడు. ఇళ్లల్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ల పని మీద థీసిస్ రాస్తోంది. తల్లి సత్తవ్వ పెళ్లయి వచ్చిన నాటి నుంచి బీడీలు చుడుతూనే ఉంది కాబట్టి, విషయం ఏదని గైడ్ అడిగినప్పుడు రోజా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఫెలోషిప్ ఆగిపోయాక నారాయణగూడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పూటపంతులుగా కుదిరింది. మధ్యాహ్నానికల్లా పాఠాలు అయిపోతాయి. అక్కడి నుంచి అశోక్‌నగర్‌లోని లేడీస్ హాస్టల్‌కు నడిచి వెళ్లి, భోంచేసి, రాసుకోవాలి. నడకా భోజనమూ రోజూ సక్రమంగానే జరుగుతున్నాయి.

రూమ్మేట్ పద్మ గ్రూప్స్‌కు చదువుతోంది. నిజామాబాద్ పిల్ల. ఆమె మంచం పక్క గోడ మీద టైంటేబుల్ ఉంటుంది. ఏ వారం ఏ పేపరు, ఏ రోజు ఏ చాప్టరు, అన్నీ రంగురంగుల పెన్నులతో. అయిపోయినవాటిని రోజూ సాయంత్రం అడ్డగీత కొట్టి, ఆ గీతను చూసి తనే సంతోషపడుతుంది.

“నీకు సిలబస్ లేదు గదక్కా, అదే నీ పరేషాన్,” అంది ఒకసారి. “మాకైతే గింత చదివితే గింత అయిపోయింది అని తెలుస్తది. నీది ఎంత రాస్తె అయిపోతదో నీకే తెల్వది.”

పద్మే ఆమె ఫోన్‌లో అలారం పెట్టింది, ఇరవై ఐదు నిమిషాలు రాయడానికి, ఐదు నిమిషాలు ఆగడానికి. గోడకు ఓ కాగితం అంటించి ‘రోజుకు రెండు పేజీలు’ అని రాసిపెట్టింది. రోజా కూడా చేయగలిగినవన్నీ చేసింది. పట్టుదల గురించి పెద్దపెద్దవాళ్లు మాట్లాడిన వీడియోలు చూసింది. చూస్తున్నంతసేపూ ఒంట్లో రక్తం పరుగెత్తేది. వీధి చివర చాయ్ తాగి వచ్చేసరికి ఆ పరుగు నిలిచిపోయేది. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే సీటు దొరకబుచ్చుకుని, చుట్టూ వందమంది తలలు వంచి చదువుతుంటే తనకూ ఊపు వస్తుందని ఆశపడింది. ఊపు వచ్చింది గానీ నాలుగో అధ్యాయం వైపు పోలేదు. చదివిన పుస్తకాల జాబితా తెరిచి కామాలు సరిచేస్తూ కూర్చునేది. ఏడు నెలల్లో ఆ జాబితాలో తప్పు కామా ఒక్కటీ మిగల్లేదు.

జనవరి చివర ఆమె గైడ్ ప్రొఫెసర్ మనోరమ ఇంటికి రమ్మంది. ఆమె ఇల్లు చిక్కడపల్లిలోనే, మెట్రో స్టేషన్ వెనక సందులో, కింద మందుల షాపు ఉన్న మేడ.

“నిన్ను తిట్టడానికి పిలవలే,” అంది మనోరమ, ప్లేట్లో సకినాలు ముందుకు జరుపుతూ. “జులై ఆఖర్ల నేను రిటైర్ అయితున్న. అప్పటిదాంక నువ్వు ఇయ్యకపోతే వేరే గైడ్‌ను వెతుక్కోవాలె. వాళ్లకు నీ పని మొదటి నుంచి చెప్పుకోవాలె. ఇంకో రెండేళ్లు పోతయి. జులై పదిహేనుకు ఇస్తవా?”

“ఇస్త మేడమ్.”

“ఏం రాసినవ్ నాలుగో చాప్టర్ల?”

“పదకొండు పేజీలైనయి.”

“అవి పోయినేడాదే చూసిన.” మనోరమ కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. “బద్ధకం మనిషివి కాదు నువ్వు. మరి ఏమైందో నాకు అర్థమైతలేదు.”

రోజాకూ అర్థం కాలేదు. తాను బద్ధకస్తురాలినేనని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది.

ఫిబ్రవరి రెండో వారంలో సత్తవ్వ హైదరాబాద్ వచ్చింది. కుడికంట్లో పొర. దారం ముడి కనబడక కత్తెరతో వేలు కోసుకుంటోందని తండ్రి ఫోన్ చేస్తే, రోజాయే నారాయణగూడలో కంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఆపరేషన్ అరగంటలో అయిపోయింది. వారం తర్వాత మళ్లీ చూపించాలన్నారు. హాస్టల్ యజమానురాలు దుర్గమ్మ పెద్ద మనసు చేసుకుని, పద్మ కూడా తన మంచం ఇచ్చి కింద పడుకుంటానంటే, సత్తవ్వ ఆ వారమంతా కూతురి గదిలోనే ఉండిపోయింది.

నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న సత్తవ్వకు మూడో రోజుకే ఊపిరి ఆడనట్టయింది. ఒళ్లో చాట లేదు. చేతులు మాత్రం ఊరుకోవడం లేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి గాల్లోనే ఏదో చుడుతున్నాయి. పద్మ అది చూసి రోజాకు సైగ చేసింది.

“ఊకె కూసుంటే పిచ్చి లేస్తున్నది బిడ్డా,” అంది సత్తవ్వ. “టీవీ సూడొద్దన్నరు. కత్తెర పట్టొద్దన్నరు. నువ్వేందో రాస్తున్నవంటివి గద, అదన్న సదువు, ఇంట.”

“అది ఇంగ్లీషుల ఉంటదవ్వా.”

“తెలుగుల జెప్పు. నీకు రెండూ ఒస్తయి గద.”

తప్పించుకోవడానికి రోజాకు సాకు దొరకలేదు. ఆ సాయంత్రం మొదటి అధ్యాయం తెరిచి, ఇంగ్లీషు వాక్యం చూసుకుని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. బీడీ కార్ఖానాలు తెలంగాణకు ఎట్లా వచ్చాయి, తునికాకు ఏ అడవుల నుంచి వస్తుంది, పని కార్ఖానా నుంచి ఇళ్లకు ఎప్పుడు మారింది. సత్తవ్వ తలూపుతూ విన్నది. “గిది నాకు తెల్వకపాయె,” అని రెండు మూడు చోట్ల అంది. మర్నాడు రెండూ మూడూ అయ్యాయి. ఆ మర్నాడు నాలుగు.

ఫైలు తెరుస్తుంటే రోజా వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మొదటి వాక్యం చెప్పింది. “ఒక్కో కార్మికురాలు సగటున రోజుకు వెయ్యి బీడీలు చుడుతుంది. అందుకు ఆమెకు ఎనిమిది గంటలు పడుతుంది.”

సత్తవ్వ నవ్వింది. మర్యాదకు ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు.

“ఎవలామె?”

“ఎవలేందవ్వా?”

“ఎనిమిది గంటలల్ల వెయ్యి చుట్టేటామె. నాకు జర జూపియ్యి, కాళ్లు మొక్కుత.”

“నువ్వే గద జెప్పింది. నూట అరవై మందిల మొదటి ఫారం నీదే. రోజుకెన్ని అంటె వెయ్యి అన్నవ్.”

“రోజుకెన్ని అయితయి అని అడిగినవ్, వెయ్యి అని జెప్పిన. కంపెనోళ్లిచ్చిన కార్డుల గదే ఉంటది. ఎవలెవలు జేస్తరని అడిగినవా నువ్వు?” సత్తవ్వ నల్లద్దాలు సర్దుకుంది. “ఆకు తడిపి ఏరేది మీ నాయినమ్మ. కత్తిరించేది మీ వదినె. పొలం కాంచి ఒచ్చినంక కట్టలు కట్టేది మీ నాయిన. నేను చుట్టుడొక్కటే జేస్త. నేనొక్కదాన్నే అన్ని జేస్తే ఆరువందలైతె గొప్ప.”

రోజా ల్యాప్‌టాప్ మీది నుంచి చేయి తీసేసింది.

“నువ్వు మాత్రం జెయ్యలేదా? బడికి పోయే ముందు మూడువందల మూతులు మూసి పోతుంటివి. ఈ బొటనేలి గోరు పగిలి చీము పట్టలేదా? మీ సారు పలక మీద రాయకున్నా ఊకున్నడు గద నెల రోజులు. మరిచినవా?”

చుట్టిన బీడీ మూతిని గోటితో లోపలికి మడిచి మూస్తారు. పిల్లల గోళ్లు చిన్నవి కనుక ఆ పని చక్కగా కుదురుతుంది. రోజా తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది. గోరు మధ్యలో నిలువునా సన్నటి గీత. పాతికేళ్లుగా రోజూ చూస్తున్న గీతే. దాని గురించి తాను ఇప్పటిదాకా రాసిన నూట డెబ్భై పేజీల్లో ఎక్కడా లేదు.

ఆమె లేచి అలమరలోంచి పాత నోటు పుస్తకం తీసింది. మూడేళ్ల కిందట ఊళ్లో పది ఇళ్లల్లో ఒక్కో మనిషి చేతే ఆకు కత్తిరించడం నుంచి కట్ట కట్టడం దాకా అన్నీ చేయించి, గడియారం పెట్టుకుని చూసి రాసుకున్న లెక్క అది. గంటకు డెబ్భై ఐదు, ఎనభై, మహా అయితే ఎనభై ఐదు. ఎనిమిది గంటలకు ఎట్లా చూసినా ఏడువందలు దాటదు. ఫారాల్లో మాత్రం వెయ్యి. మిగతా మూడువందలు ఎక్కడి నుంచి వచ్చాయో తేలక, ఫారాలు కంప్యూటర్‌లోకి తప్పుగా ఎక్కించానేమోనని మూడుసార్లు మొదటి నుంచి ఎక్కించింది. మూడుసార్లూ అదే వచ్చింది. ఆ తర్వాతే ఫైలు తెరవడం మానేసింది.

ఏడు నెలలు ఆమె దాన్ని బద్ధకం అనుకుంది. తెరిస్తే ఆ మూడువందలు ఎదురవుతాయని తనలో ఎక్కడో తెలుసు. అందుకే తెరవలేకపోయింది. ఇప్పుడు ఆ మూడువందలకు ముఖాలు కనిపిస్తున్నాయి, నాయనమ్మ, వదిన, తండ్రి, పలక పట్టుకోలేని ఓ పిల్ల.

“ఏమైందే, కోపమొచ్చిందా?” అంది సత్తవ్వ.

“లేదవ్వా. ఇంకోసారి జెప్పు. మెల్లగ జెప్పు, రాసుకుంట.”

పొద్దున్నే రోజా మనోరమ ఇంటికి వెళ్లింది. ఫోన్ కూడా చేయలేదు.

“మేడమ్, నా సర్వే తప్పు.”

మనోరమ చేతిలో పేపరు పక్కన పెట్టింది. “ఎంత తప్పు?”

“మొత్తం. కార్డు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లనే లెక్కపెట్టిన. ఇంటిని లెక్కపెట్టాల్సింది. వెయ్యి బీడీల వెనక ముగ్గురో నలుగురో ఉన్నరు. జీతం లేనోళ్లు, పేరు లేనోళ్లు. అది చూడకుండ గంటకు ఎంత కూలి పడ్తదో లెక్కేసిన. ఆ లెక్క అబద్ధం.”

కిటికీ అవతల మెట్రో పోయిన చప్పుడు వచ్చి ఆగింది.

“చూడు రోజా, రెండు దారులున్నయి. ఈ సంగతి ఒక పేజీల రాసి, దీని మీద ముందు ముందు పరిశోధన జరగాలె అని ముగియ్యి. డిగ్రీ వస్తది, ఎవ్వరూ ఏమనరు. లేదంటే మళ్ల ఊరికి పోవాలె. ఐదు నెలలు కూడ లేవు.”

“మళ్ల పోత మేడమ్.”

“ఇప్పుడు నువ్వు ఊపు మీదున్నవ్. మూడో వారానికి పోతది అది. అప్పుడేం చేస్తవ్?”

“తెల్వది. కని పోత.”

మనోరమ నవ్వింది. ఏడాదిలో ఆమె నవ్వడం రోజా అప్పుడే చూసింది.

ఇంటర్ పరీక్షలు అయిపోగానే ఏప్రిల్‌లో కాలేజీకి సెలవులిచ్చారు. రోజా ఊరికి వెళ్లి, నూట అరవై ఇళ్లలోంచి నలభై ఎంచుకుంది. రోజుకు రెండిళ్లు. పొద్దున ఒకచోట, మధ్యాహ్నం నుంచి ఇంకోచోట. ఎవరి చేయి ఏ గంటలో ఏ పని ముట్టుకుంటే అది రాసుకుంది. ఎండలకు నోటు పుస్తకం అట్ట వంకర తిరిగింది. ఊళ్లోవాళ్లకు ఆమె కొత్త కాదు. అయినా మాసమ్మ ఇంట్లో పని అంత సులువుగా సాగలేదు.

మాసమ్మ సత్తవ్వకు వరసకు చెల్లెలు. మొగుడు పోయాక ఇద్దరు కోడళ్లతో బీడీలు చుట్టి ఇల్లు నిలబెట్టింది. కార్డు ఆమె ఒక్కదాని పేరు మీదే.

“గివన్ని రాసి ఎవలికిస్తవే?” అంది చాట పక్కకు పెట్టి. “మా ఇంట్ల ఆరు చేతులు జేస్తున్నయని కంపెనోళ్లకు తెలిస్తే ఏమైతది? ఇంకో ఐదువందలు ఎక్కువ చుట్టమంటరు. లేకుంటె కార్డే గుంజుకుంటరు. నువ్వు పట్నం పోయి డాక్టరువైతవు, మేమేం గావాలె?”

“పేర్లు రాయ చిన్నమ్మా. ఊరి పేరు గూడ మారుస్త.”

“మారుస్తనంటవు. ఇంగ్లీషుల రాస్తవు. మాకెట్ల తెలుస్తది?”

రోజా రాస్తున్నది ఆపింది. ఆరేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది.

“నేనొక మాట జెప్త,” అంది మాసమ్మ. “నువ్వు రాసేదంత మాకు సదివి ఇనిపియ్యి. మేమిన్నంకనే నీ కాలేజీకియ్యి. ఒప్పుకుంటవా?”

“ఒప్పుకుంట.”

“అయితె కూసో,” అంటూ మాసమ్మ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

మే మొదటివారంలో అశోక్‌నగర్ తిరిగివచ్చిన రోజుకు రోజా చేతిలో మూడు నోటు పుస్తకాలున్నాయి, మెడ మీద మాసమ్మకిచ్చిన మాట ఉంది. సాయంత్రం ఆరింటికి ఆడవాళ్లంతా మాసమ్మ అరుగు మీద చేరతారు. పగలు ఎండకు ఇళ్లల్లో చేసిన పనిని అప్పుడు బయట చల్లగాలిలో ముగించుకుంటారు. కన్ను ఇంకా నెమ్మదించక పని ముట్టని సత్తవ్వ ఫోన్ పట్టుకుని మధ్యలో కూర్చుంటుంది. రోజా ఇక్కడి నుంచి, ఆ రోజు రాసింది ఫోన్‌లో చదివి వినిపించాలి.

మొదటి రోజు ఒక పేజీ చదివింది. అవతల కత్తెరల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

“గంతేనా?” అంది మాసమ్మ గొంతు.

“ఇయ్యాలటికి గంతే చిన్నమ్మా.”

“పదకొండు మందిమి కూసున్నం. గింత దానికి పిలిచినవా?”

మరుసటి రోజు రెండు పేజీలు రాసింది. ఎలాగో రాసేసింది. పొద్దున ఏడింటికి కూర్చుంటే సాయంత్రం ఆరు దగ్గరికి వస్తున్నకొద్దీ చెయ్యి దానంతటదే కదిలేది. పద్మ అంటించిన కాగితం గోడ మీద అట్లాగే ఉంది గానీ దాని వంక చూసే తీరిక ఇద్దరికీ లేదు. ఆరింటికి గదిలో రోజా చదువుతుంటే పద్మ కూడా పుస్తకం మూసి వినేది. కొన్నాళ్లకు పక్క గది అమ్మాయిలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లల్లో ఇద్దరి అమ్మలు బీడీలు చుట్టేవాళ్లే.

అరుగు మీదివాళ్లు ఊరికే వినలేదు. తడిపిన ఆకు ఎంతసేపు ఆరాలో రోజా తప్పు రాస్తే దిద్దారు. కంపెనీ తరఫున బీడీలు లెక్కపెట్టి తీసుకునే ఠేకేదారు బాగాలేవని తీసి పారేసే బీడీల గురించి ఆమె ఒక్క వాక్యంలో తేల్చేస్తే, “గిది గింతేనా రాసేది?” అని ఇరవై నిమిషాలు చెప్పారు. ఒక రోజు ‘ఎం-ఏడు ఇంట్లో’ అని చదవగానే మాసమ్మ ఆపింది.

“ఎం-ఏడు ఎవలు?”

“నువ్వే చిన్నమ్మా. పేరు రాయొద్దన్నవ్ గద.”

“పేరొద్దంటే నంబరు పెడ్తవా? జైల్ల పెడ్తరు నంబర్లు.”

“మరేం జెయ్యాలె?”

“వేరే పేరు పెట్టు. మంచిది.”

“ఏ పేరు గావాలె నీకు?”

మాసమ్మ కాస్త సిగ్గుపడుతున్న గొంతుతో అంది. “ఉదయశ్రీ అని పెట్టు.”

అరుగు మీద పెద్ద నవ్వు లేచింది. వెంటనే మిగతావాళ్లు కూడా తమకు కావలసిన పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. ఎవరికీ పుట్టినప్పుడు అడిగి పేరు పెట్టలేదు కదా. ఆ సాయంత్రం చదువు సాగలేదు. రోజా కాగితం మీద పదకొండు పేర్లు రాసుకుంది. మిగిలిన ఇరవై తొమ్మిది ఇళ్లకూ తల్లి ఫోన్‌తోనే అడిగించింది. సత్తవ్వ తనకు తాను రాగిణి అని పెట్టుకుంది. ఆ పేరు ఎప్పటి నుంచి మనసులో దాచుకుందో కూతురికి తెలియదు.

మనోరమ చెప్పిన మూడో వారం నిజానికి ఆరో వారంలో వచ్చింది. జూన్ మధ్యలో కాలేజీ తెరిచారు. గంటలు లెక్కగట్టే పట్టిక దగ్గర పని ఆగిపోయింది. రెండు రోజులు కూర్చున్నా ఒక్క వాక్యం కదల్లేదు. పాత భయం మెల్లగా వెనక్కి వచ్చి పక్కన కూర్చుంది. రెండో రోజు లైబ్రరీలో రోజా మళ్లీ కామాల జాబితా తెరిచింది. తెరిచి తనే ఉలిక్కిపడి మూసేసింది.

ఆరింటికి ఫోన్ చేసి, “ఇయ్యాల ఏం లేదు చిన్నమ్మా. మనసు ఒస్తలేదు,” అంది.

“మనసు రాకుంటె పాయె,” అంది మాసమ్మ. “ఏడ ఆగింది? గది జెప్పు.”

రోజా చెప్పింది. ముసలమ్మలు ఆకు తడుపుతారు, గోనెసంచి కప్పి కాసేపు నడుం వాలుస్తారు, లేచి తడి చూస్తారు, మళ్లీ వాలతారు. ఆ వాలిన సమయం పనా, విశ్రాంతా? అది తేలితే తప్ప పట్టిక పూర్తికాదు.

అరుగు మీద చర్చ లేచింది. పండుకుంటే పనెట్లయితది అని ఒకరు. ఆకు ఎండకుండ కావలి ఉన్నట్టే గద అని ఇంకొకరు. “మా అత్త పండుకుంటదే గని నిద్రపోదు, సగం కన్ను ఆకు మీదనే,” అని ఓ కోడలు. “నిద్రపోతదో లేదో నీకేం తెలుసు, నువ్వు టీవీ సూస్తవు,” అని అత్తే. ఆ అత్తాకోడళ్ల మాటలకు సత్తవ్వ నవ్వలేక ఫోన్ కింద పెట్టేసింది. చివరికి మాసమ్మ తీర్పు చెప్పింది. “ఆమె ఇంకో తానికి పోగలదా ఆ యాళ్ల? పోలేదు. పోలేనిది పనే.”

రోజా ఆ మాటను అట్లాగే రాసుకుంది. ఇంగ్లీషులోకి మార్చడానికి ఒక పేరా పట్టింది. పట్టికలో ‘చేసిన పని’, ‘కట్టిపడేసిన సమయం’ అని రెండు వరసలయ్యాయి. అప్పటి నుంచి రాయలేని రోజుల్లో కూడా ఆమె ఫోన్ మానలేదు. రాసింది ఉంటే చదివేది, లేకపోతే ఎక్కడ ఆగిందో చెప్పేది. ఊపు వచ్చిందా పోయిందా అని చూసుకోవడమే మరిచిపోయింది.

నాలుగో అధ్యాయం పదకొండు పేజీల నుంచి అరవై నాలుగుకు పెరిగింది. దాని మొదట్లోనే, తాను తొలిసారి చేసిన సర్వే ఎందుకు తప్పో నాలుగు పేజీలు రాసింది. ఆ పేజీలు చదివి మనోరమ, “ఇది చాలమంది దాచుకుంటరు,” అని మాత్రం అంది. ఒక్క మాట కూడా కొట్టేయలేదు. జులై పన్నెండున నారాయణగూడలో బైండింగ్ చేయించిన ఐదు కాపీలు ఆటోలో పక్కన పెట్టుకుని రోజా యూనివర్సిటీకి వెళ్లింది. మూడు రోజులు ముందే ఇచ్చేసింది.

డిసెంబరులో వైవా జరిగింది. సెమినార్ హాల్లో ముప్పై మంది. రిటైరైన మనోరమ ముందు వరుసలో, వెనక పద్మ, ఆ పక్కన కొత్త కళ్లద్దాలతో సత్తవ్వ. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షకుడు ఇంద్రసేన పెద్దవయసు మనిషి, మాట కటువు. గంటసేపు లెక్కల మీద అడిగాడు. రోజా ఒక్కొక్కదానికీ పేజీ తిప్పి చూపించింది. ఎక్కడా తడబడలేదు. చివరికి ఆయన పుస్తకం మూసి, ఇంగ్లీషులో అడిగాడు.

“ఈ నలభై ఇళ్లల్లో మీ ఇల్లు ఉంది. మీ తల్లి ఉంది. చిన్నప్పుడు పనిచేసినవాళ్ల పట్టికలో మీరే ఉన్నారు. బయట నిలబడి చూడాల్సినవాళ్లు లోపల కూర్చుంటే ఈ లెక్కను నేనెట్లా నమ్మాలి?”

మనోరమ ముందుకు వంగింది గానీ, రోజా ముఖం చూసి మళ్లీ వెనక్కి ఆనుకుంది.

“మొదటిసారి నన్ను బయట పెట్టుకునే లెక్కేశాను సార్,” అంది రోజా. “అప్పుడే లెక్క తప్పింది. నూట అరవై ఫారాలు నింపాను, ఒక్కదాన్లోనూ బీడీ మూతులు మూసిన నా గోరు లేదు. రెండోసారి నన్ను కూడా ఒక చేయిగా లెక్కపెట్టాను. నన్ను నమ్మక్కర్లేదు. గంట గంటకూ రాసిన నోట్సు అనుబంధంలో ఉంది. ఎవరైనా వెళ్లి కూర్చుని మళ్లీ లెక్కపెట్టవచ్చు. నా మాట తప్పయితే తేలిపోతుంది.”

ఆయన అనుబంధం తెరిచాడు. పది నిమిషాలు పేజీలు తిప్పుతూ ఉండిపోయాడు. ఆ పది నిమిషాలూ రోజా అట్లాగే నిలబడింది.

“వేరే ప్రశ్నలు లేవు,” అన్నాడు ఆయన.

డిగ్రీ ఇవ్వవచ్చని ప్రకటించినప్పుడు సత్తవ్వకు ఇంగ్లీషు అర్థం కాక, పద్మ చప్పట్లు కొడుతుంటే తానూ కొట్టింది. బయటకు వచ్చాక, “ఆ పెద్దాయన ఏమడిగిండే అంత గట్టిగ?” అంది.

“నువ్వెవలు, నేనెవలు అని అడిగిండవ్వా.”

“జెప్పినవా?”

“జెప్పిన.”

సంక్రాంతి సెలవులు అయ్యాక కామారెడ్డి నుంచి ఒక కార్మిక సంఘం వాళ్లు ఫోన్ చేశారు. ఇంటికి ఒక్క కార్డు కాదు, పని చేసే ప్రతి మనిషికీ కార్డు ఉండాలని అధికారులను అడుగుతున్నారు. ఎవరెవరు చేస్తున్నారో చూపమని ఆ అధికారులు అడిగారట. థీసిస్‌లోని పట్టిక కావాలన్నారు. రోజా ముందు మాసమ్మకు ఫోన్ చేసి, ఇవ్వనా వద్దా అని అడిగింది. మాసమ్మ ఒక పూట టైం తీసుకుని, అరుగు మీదివాళ్లందరితో మాట్లాడి, “ఇయ్యి. మీటింగుకు మేము గూడ ఒస్తం,” అంది.

మీటింగులో రోజా పట్టిక చదవక ముందే మాసమ్మ లేచి నిలబడి పది నిమిషాలు మాట్లాడింది. తన అసలు పేరు చెప్పింది, కోడళ్ల పేర్లు కూడా చెప్పింది. అధికారి అన్నింటికీ ఒప్పుకోలేదు. రెండు ఊళ్లల్లో ఇంటింటి లెక్క మాత్రం కొత్తగా తీయిస్తానని, ఆ ఫారం రోజానే తయారుచేసి ఇవ్వాలని అన్నాడు.

సోమవారం కాలేజీ అయ్యాక రోజా అశోక్‌నగర్ జిరాక్స్ షాపు ముందు నిలబడి మూడువందల కాపీలు తీయిస్తోంది. గ్రూప్స్ నోట్సు కోసం వచ్చిన పిల్లలు వెనక వరుస కట్టారు. మెషీన్ లోంచి వెచ్చగా ఒక్కో కాగితం బయటపడుతోంది. మొదటి ప్రశ్నలో అచ్చు తప్పు ఏమైనా ఉందా అని పైకాగితం తీసి చూసుకుంది. సరిగ్గానే ఉంది: ఈ ఇంట్లో బీడీ పని ముట్టుకునేవాళ్లు ఎవరెవరు?